వంకర కోత

ఇంటి వెనక రేకుల కింద పనిబల్ల, దాని మీద చెట్లు కోసే మోటారు రంపం: పొడవాటి ఇనప బారు, దాని అంచు గాడిలో చుట్టూ తిరిగే పళ్ళ చైను. పక్కగది కిటికీ బార్లా తెరిచి ఉంది. రంపం పట్టుకుపోదామని వచ్చిన మరిదిని వదిన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది, రంపం మాత్రం ఇంకా ఇవ్వలేదు.

"చెయ్యి తియ్యి. తియ్యమన్నానా. అడక్కుండా ముట్టుకోవడానికి అదేమైనా నీ తువ్వాలా?"

"వదినా, నాకు టైం లేదు. మిషన్ ఇచ్చేస్తే వెళ్ళిపోతా."

"ఇన్నాళ్ళూ ఈ గుమ్మం తొక్కడానికి టైం లేదు. తొక్కాక కూర్చోడానికి టైం లేదు. నీ టైమంతా ఎవరు పట్టుకుపోతున్నారయ్యా?"

"పనులున్నాయి కదా."

"ఏం పనులు? మిషన్ ఇక్కడ గోనెసంచిలో ఉంటే చెట్లు నోటితో కోశావా?"

"కొమ్మలు కొట్టే పనులు. గొడ్డలితో. చిన్నాచితకా. రేపు పెద్దది తగిలింది. ఆసుపత్రి ఆవరణలో చెట్టు, ఎండిపోయింది. కాంట్రాక్టరు కబురు పెట్టి మరీ నన్ను పిలిచాడు. మనుషుల్ని కూడా నన్నే మాట్లాడుకోమన్నాడు."

"అబ్బో. మీ అన్న మంచం దిగనేలేదు, నువ్వప్పుడే మేస్త్రీవైపోయావన్నమాట."

"ఎవరో ఒకరు చేయాలి కదా వదినా."

"చెయ్యండి బాబూ, ఎవరొద్దన్నారు. కాకపోతే మేస్త్రీగారు తమ మిషన్ ఏ తీరుగా ఉందో ఒకసారి కళ్ళారా చూసుకుని పట్టుకెళ్ళండి. బారు విప్పు."

"ఇప్పుడా? ఇంటికెళ్ళి చూసుకుంటాలే."

"ఇంటికెళ్ళి నువ్వు చూసుకునేదేంటో నాకు తెలుసు. అద్దం. బారు విప్పు."

"స్పానరు?"

"నీ ముక్కు కింద ఉంది. ఆగు, ఆగు. ముందేం చేయాలి?"

"నట్లు విప్పాలి."

"ప్లగ్గు వైరు పీకాలి. చేతికి ఐదేసి వేళ్ళు ఉంచుకోవాలన్న ఆశ ఉంటే. ఇన్నేళ్ళు ఈ మిషన్‌తో బతికినవాడివి, నేను చెప్పాలా?"

"మరిచిపోయా. తొందరలో."

"నీ తొందరంతా నాకు అర్థమవుతూనే ఉంది. ఊఁ, ఇప్పుడు విప్పు. మూత పక్కన పెట్టు. చైను అలా పీకకు, పళ్ళు గీసుకుంటాయి. నాకివ్వు. ఇది నేను పట్టుకుంటా. నీ సొత్తు ఆ బారు. ఎలా ఉందో చెప్పు."

"బానే ఉంది."

"బానే ఉందా?"

"కాస్త పొట్టు పట్టింది. అంతే."

"కాస్త. సరే, ఆ సన్నటి స్క్రూడ్రైవరు తీసుకుని గాడిలో పెట్టి కొస దాకా లాగు. లాగు, సిగ్గుపడకు. ఏమొచ్చింది?"

"పొట్టే."

"పొట్టయితే ఊదితే పోవాలి. ఊదు. పోయిందా? అది పొట్టు దశ దాటి చాలాకాలమైంది. నూనె, పొట్టు, మట్టి కలిసి అట్టకట్టి రాయయింది. ఇంకా లాగు. మీ నాన్నగారి హయాంలో కోసిన చెట్ల పొట్టు కూడా ఉంటుంది చూడు, దొరికితే దాచుకుందాం."

"వదినా, నువ్వు మరీ."

"మరీ ఏంటి? నూనె కన్నం చూపించు."

"ఇదిగో, ఇక్కడే ఉండాలి."

"ఉండాలి. నీకు బుర్ర ఉండాలన్నట్టే. ఉందా?"

"మూసుకుపోయింది."

"ఇక్కడ అంచు నీలంగా ఎందుకుంది?"

"వేడెక్కి."

"ఎందుకు వేడెక్కింది?"

"నూనె అందక."

"ఎందుకందలేదు?"

"కన్నం మూసుకుపోయి."

"ఎందుకు మూసుకుపోయింది?"

"వదినా, నేనేమైనా బడిపిల్లాణ్ణా?"

"ఆ పిల్లలు నయం. చేతులు కట్టుకుని నిజం చెప్తారు."

"ఇదంతా నీకెవరు నేర్పారు? నువ్వు ఈ రేకుల కిందకే వచ్చేదానివి కాదు. పెట్రోలు కంపు అనేదానివి."

"ఇప్పుడూ కంపే. ముక్కు మూసుకుని నేర్చుకున్నా. మంచంలో పడున్న మనిషికి పొద్దు పోవద్దూ? చైను తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టేదాన్ని. ఆకురాయి ఎలా పట్టుకోవాలి, ఏ వాలులో తొయ్యాలి, లోపల్నుంచి బయటికే ఎందుకు తొయ్యాలి, అన్నీ చెప్పాడు. తర్వాత నేనే ఇక్కడ కొత్త బారు మీద బిగించుకుని ఒక్కో పన్నూ పదును పెట్టాను. వేళ్ళు చూడు."

"తెగాయే."

"తెగుతాయి. పని చేసినవాళ్ళకి తెగుతాయి. నీవి చూపించు. చూశావా, పెళ్ళికొడుకు చేతుల్లా ఉన్నాయి."

"ఇంతకీ కొత్త బారు ఎక్కడిది?"

"చెప్తా. అన్నిటికీ తొందరే. ముందు నువ్వు నాకోటి చెప్పు. మామయ్యగారు పెట్టిన పద్ధతి ఏంటి? చైను ఎవరిది, బారు ఎవరిది?"

"తెలిసిందే కదా."

"నీ నోటితో వినాలనుంది."

"చైను, చెట్టుకి కట్టిన తాడు పట్టి లాగేవాడిది. బారు కోసేవాడిది."

"ఎందుకని?"

"చెట్టు దారి తప్పితే ముందు మీద పడేది తాడు పట్టినవాడి మీద. కాబట్టి పదును వాడి చేతిలో ఉండాలని. బారులో తేడా వస్తే కోసేవాడి చేతికి ముందు తెలుస్తుంది, కాబట్టి బారు వాడిదని."

"ఇంకా?"

"ఒకరి దాంట్లో ఒకరు వేలు పెట్టకూడదని. నాన్న అదే పదిసార్లు అనేవాడు. వేలు పెడితే అన్నదమ్ములు కొట్టుకు చస్తారని."

"బాగా గుర్తుంది. మరి మీ అన్న మీద చెట్టు పడిన రోజు కోసింది ఎవరు?"

"నేను."

"తాడు పట్టింది?"

"అన్న."

"అయితే బారు?"

"నాదే. నాది కాదని ఎప్పుడన్నాను?"

"అనలేదు. నువ్వు దేన్నీ కాదనవు, దేన్నీ అవుననవు. నీళ్ళు నములుతావు. బారు తిరగెయ్యాలని తెలుసా నీకు?"

"తెలుసు. కింది అంచు పైకి, పై అంచు కిందికి. రెండు వైపులా సమంగా అరగాలని."

"తెలుసన్నమాట. ఎప్పుడు తిరగేశావు చివరిసారి?"

"ఇదివరకు అన్నే తిరగేసేవాడు."

"ఆఁ. వచ్చావు దారికి. ఆయనే తిరగేసేవాడు, ఆయనే తుడిచేవాడు, ఆయనే గాడి గీకేవాడు. మామయ్యగారి పద్ధతి పక్కన పెట్టి. నువ్వు సాయంత్రం మిషన్ ఇక్కడ పడేసి, చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని బజారున పడితే, ఆ మనిషి ఇక్కడ కూర్చుని తమ్ముడిగారి బారుకి సేవలు చేసేవాడు. నేనే మాన్పించాను."

"తెలుసు."

"ఏమని మాన్పించానో కూడా తెలుసా? వాడేం పసివాడా, గెడ్డం మొలిచి ఎన్నాళ్ళయింది, వాడి పని వాణ్ణి చేసుకోనివ్వండి అన్నాను. తప్పన్నానా?"

"తప్పని నేనన్నానా?"

"అనవు. ఆ మాత్రం ధైర్యం ఉంటే ఈపాటికి బాగుపడేవాడివి. సరే, ఆ బారు తీసుకో. ఈ ఇనపపలక సాపుగా ఉంది, కొలిచి పెట్టాను. దీని మీద బారుని అంచు మీద నిలబెట్టు."

"ఏ అంచు మీద?"

"ముందు ఈ అంచు. పైదిగా ఉండేది."

"నిలబడింది."

"తిన్నగా?"

"తిన్నగానే."

"ఇప్పుడు తిరగేసి రెండో అంచు మీద."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నిలబెట్టు."

"నిలబడటం లేదు."

"సరిగ్గా పెట్టలేదేమో. మళ్ళీ పెట్టు."

"పక్కకి ఒరుగుతోంది వదినా."

"ఏ పక్కకి?"

"కుడి. ఎన్నిసార్లు పెట్టినా ఆ పక్కే."

"గాడికి ఒకవైపు గోడ నిక్షేపంగా ఉంది, రెండోవైపు గోడ అరిగి కిందికి దిగింది. గోరు పెట్టి చూడు, తగులుతుంది. పై అంచు చూస్తే నిన్న దుకాణంలోంచి తెచ్చినట్టుంది, కింది అంచేమో ఇలా. అంటే ఏంటి అర్థం?"

"తిరగెయ్యలేదని."

"ఒక్కసారి కూడా తిరగెయ్యలేదని. నేను మీ అన్నని మాన్పించిన రోజు నుంచి చెట్టు పడిన రోజు దాకా, నీ చెయ్యి దీని మీద పడలేదని."

"పనుల ఒత్తిడిలో..."

"ఏం ఒత్తిడి? తల దువ్వుకునే ఒత్తిడా?"

"బారు కాస్త అరిగినంత మాత్రాన చెట్టు పక్కకి పడుతుందా? చైనులో తేడా ఉన్నా కోత వంకరపోతుంది. ఒకవైపు పళ్ళు మొద్దుబారితే చాలు."

"ఆ మాట ఎవరన్నారు?"

"అక్కడున్నవాళ్ళంతా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నేనేం అనలేదు."

"అన్నావు. చెట్టు అటు పడి, మనిషి దాని కింద ఉంటే, కాలు బయటికి లాగుతున్నవాళ్ళు అడిగారు, ఏమైందయ్యా కోత ఇలా పోయిందేం అని. నువ్వన్నావు, ఏమోనండి, చైను మా అన్న చూస్తాడు. గుర్తుందా?"

"అబద్ధం కాదు కదా. చైను అన్నే చూస్తాడు."

"అబద్ధం కాదు. అదే నీ తెలివి. నిజమే చెప్పి అన్న నెత్తిన రుద్దావు. ఆ మాట అక్కడితో ఆగిందా? చెట్టు కొట్టే ప్రతివాడి నోటా అదే. తన చైనే తన కాలు తీసిందట, పాపం అని. ఆ పాపం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది."

"నేను అలా అవుతుందనుకోలేదు వదినా."

"నువ్వు ఏదీ అనుకోవు. అనుకోవడానికి కూడా బద్ధకమే. లే, ఆ మూల ఉన్న దుంగ ఇలా దొర్లించు. మొదటి కోత చూడు. ఇది దుకాణం నుంచి అడిగి తెచ్చిన మంచి బారు. దాని మీద ఆ రోజు చైను, నేను ఆకురాయి పెట్టకముందు. మీ అన్న ఆ పొద్దున పదును పెట్టింది పెట్టినట్టుగా. ఎలా ఉంది?"

"తిన్నగా ఉంది."

"స్కేలు పెట్టి చూడు. నీ కంటి మీద నాకు నమ్మకం లేదు."

"తిన్నగానే ఉంది."

"రెండో కోత. నీ బారు, దాని మీద కొత్త చైను, కాగితంలోంచి అప్పుడే తీసింది."

"వంకరగా ఉంది."

"ఎటు?"

"లోపలికి తిరిగిపోయింది."

"ఇప్పుడు చెప్పు. చెట్టుకి ఒకవైపు కాస్త కోయకుండా వదలాలి కదా, అది పట్టుకుని ఉంటేనే చెట్టు చెప్పినవైపు పడేది. అలా లోపలికి తిరిగిపోయిన కోత ఏం చేసింది?"

"ఆ వదిలిన చెక్కని ఒక పక్కన కోసేసింది."

"ఆ పక్కన తాడు పట్టుకుని ఎవరున్నారు?"

"వదినా, చాలు."

"నాకు చాల్లేదు."

"ఈ కోతలు ఎవరు కోశారు? నువ్వా?"

"నేనే. నీకన్నా తిన్నగా కోశాను. బారు బాగుంటే నాలాంటిది కూడా తిన్నగా కోస్తుంది, అదే నేను చెప్పేది."

"సరే. తప్పు నాదే. ఒప్పుకున్నా. ఇప్పుడేం చేయమంటావు? అన్న కాలు తెచ్చివ్వగలనా?"

"అమ్మయ్య. దానికోసం నిన్ను కూర్చోబెట్టలేదు. కాలు సంగతి డాక్టరు ఎప్పుడో తేల్చేశాడు. మళ్ళీ తాడు పట్టి నిలబడే కాలు కాదది. కానీ చేతులున్నాయి. కూర్చుని చేసే పని ఒకటుంది. మిషన్ల దుకాణం పెద్దాయన దగ్గర చైన్లు పదును పెట్టే మనిషి మానేశాడు. చెట్లు కోసే నాలుగు గుంపుల చైన్లు అక్కడ పోగుపడి ఉన్నాయి. వెళ్ళి అడిగాను."

"ఏమన్నాడు?"

"కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. తర్వాత, అమ్మా, ఆయన పనితనం నాకు తెలుసు, కానీ ఆయన చైను వల్లే చెట్టు దారి తప్పిందని అందరి నోటా ఉంది, నేను బల్ల వేసి కూర్చోబెట్టినా ఆ చేతికి చైను ఎవడిస్తాడు అన్నాడు. నేను ఈ దుంగ మోసుకెళ్ళి చూపిస్తానన్నాను. నవ్వాడు. మొగుడి కోసం పెళ్ళాం చెప్పే సాక్ష్యం కదా అన్నాడు."

"మరి?"

"కోసినవాడు వచ్చి చెప్తే వింటానన్నాడు."

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు కోశారు? రేపు పొద్దున, నీ ఆసుపత్రి చెట్టుకన్నా ముందు, నాతో దుకాణానికి వస్తావు. చైన్ల కోసం వచ్చినవాళ్ళు ఎలాగూ అక్కడ నలుగురుంటారు. వాళ్ళందరి ముందూ చెప్తావు."

"అలా చెప్తే నా సంగతేంటి? బారు కూడా చూసుకోలేనివాడు, అన్న మీదికే చెట్టు తోసినవాడు అంటారు. ఎవడు నా పక్కన తాడు పడతాడు? కాంట్రాక్టరు రేపటి పని రేపే తీసేస్తాడు."

"తీసేయొచ్చు."

"అంత తేలిగ్గా అంటావేంటి?"

"నాకు తేలిగ్గానే ఉంది. మీ అన్నకి పోయినంత తేలిగ్గా నీకూ పోనీ."

"రానంటే?"

"రాకు. మిషన్ కూడా రాదు."

"ఇంకోటి కొనుక్కుంటా."

"కొనుక్కో. దానికీ ఒక బారుంటుంది. దాన్ని తిరగెయ్యడానికి ఒక అన్నని కూడా కొనుక్కో."

"నువ్వు మాట్లాడితే మనిషి చర్మం లేచిపోతుంది వదినా."

"నీది మందం. ఏం కాదు."

"అన్న నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆసుపత్రిలో పక్కన కూర్చున్నా, అనలేదు. నువ్వే ఇలా..."

"ఆయన అనడు. బారు గురించి నేనడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ అడిగితే నిద్రొస్తోందన్నాడు. ఎందుకో తెలుసా? తమ్ముడు. తమ్ముడి పేరు తన నోటి వెంట రాకూడదు. మంచాన పడి కూడా నిన్ను మోస్తున్నాడు ఆ మనిషి. నువ్వేమో ఆ మంచం పక్కకి రావడానికి కూడా ముఖం చెల్లక ఇన్నాళ్ళు తప్పించుకు తిరిగావు. ఇవాళ కూడా మిషన్ కోసం వచ్చావు, మనిషి కోసం కాదు."

"ముఖం చెల్లకే. నువ్వే అన్నావుగా."

"ఊఁ."

"రోజూ ఈ సందు చివరి దాకా వచ్చి వెనక్కెళ్ళేవాణ్ణి. నువ్వు నమ్మవు."

"నమ్ముతా. సగం దాకా చేసి వదిలెయ్యడం నీ అలవాటే కదా."

"సరే."

"ఏంటి సరే?"

"వస్తా. రేపు దుకాణంలో చెప్తా."

"ఏం చెప్తావు? ఇక్కడ ఒకసారి చెప్పు, వింటాను. అక్కడ నీళ్ళు నమిలితే నేను భరించలేను."

"బారు నాది. నేను తిరగెయ్యలేదు. ఒకవైపు అరిగిపోయి కోత వంకరపోయింది. అన్న చైనులో ఏ దోషమూ లేదు."

"గట్టిగా."

"ఎవరికి వినపడాలని?"

"ఆ కిటికీ ఎందుకు తీసిపెట్టాననుకున్నావు? గాలికా?"

"అన్న మేలుకునే ఉన్నాడా?"

"ఉన్నాడు. నువ్వు గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచి. గట్టిగా చెప్పు."

"బారు నాది. నేను తిరగెయ్యలేదు. చైనుది తప్పు కాదు. అన్న తప్పు లేదు."

"ఆఁ. ఇప్పుడు మనిషిలా ఉన్నావు. ఇక ఆ పాత బారు ఎలా ఉన్నది అలాగే మిషన్‌కి బిగించు. అంచులు సాపు చేయకు, గీకకు. రేపు పెద్దాయన కళ్ళతో చూడాలి. ఇదిగో చైను. గాడిలో సరిగ్గా కూర్చోబెట్టు."

"పళ్ళు ముందుకే కదా?"

"నన్ను చంపకు. పైన ముందుకి. బారు ముక్కు కాస్త పైకెత్తి పట్టుకుని బిగించు. ఊఁ. మరీ బిగించకు, చేత్తో లాగితే తిరగాలి."

"వదినా, ఇది చూడు. ఊగుతోంది."

"ఊగదా మరి. గాడి గోడ అరిగితే చైను ఊగుతుంది. రేపు చూపించడానికి బాగుంటుందిలే."

"అది కాదు. బిగించాక కూడా ఇంతలా ఊగుతోంది. వేలితో తోస్తే ఒరిగిపోతోంది."

"అయితే?"

"నువ్వు ఆకురాయి పట్టేటప్పుడు చైను ఎక్కడుంటుంది?"

"బారు మీదే. ఇంకెక్కడుంటుంది? గాల్లో పెట్టి పదును పెడతారా?"

"బిగించే?"

"బిగించే. ఒక్కో పన్నూ బొటనవేలితో పట్టుకుని. ఇలా."

"ఇలా పట్టుకున్నప్పుడు ఊగితే తెలుస్తుందా?"

"ఎందుకు తెలియదు? ఆకురాయి నిలవదు, జారిపోతుంది. నేను మొదటిసారి ఈ బారు మీదే కదా మొదలుపెట్టింది, ఆకురాయి తొయ్యకముందే పన్ను అటూ ఇటూ పోతుంటే నాకే తెలిసింది. అందుకే కదా..."

"అందుకే కదా?"

"అందుకే బారు సంగతి పట్టుకున్నాను. కొత్త బారు అడిగి తెచ్చుకున్నాను."

"నువ్వు నేర్చుకుని ఎన్నాళ్ళయింది వదినా?"

"నిన్నగాక మొన్న. ఎందుకూ?"

"నీకే తెలిసింది."

"ఏంటి నీ ఉద్దేశం?"

"ఆ పొద్దున అన్న నా ఎదురుగానే పదును పెట్టాడు. ఆ చెట్టు దగ్గరే, దుంగ మీద కూర్చుని. ఈ బారు మీదే."

"అయితే? ఆ రోజు ఊగి ఉండదు. తర్వాత ఊగింది."

"తర్వాత నువ్వు ఈ దుంగ మీద కోసిన ఒక్క కోత తప్ప ఎవరు కోశారు? ఆ చెట్టు తర్వాత గోనెసంచిలోకే కదా వెళ్ళింది."

"చూసి ఉండడు. హడావిడిలో."

"అన్న హడావిడిలో పదును పెట్టడం నువ్వెప్పుడైనా చూశావా? పంట్లో వెంట్రుకంత తేడా ఉంటే మళ్ళీ మొదటికొచ్చేవాడు. మేమంతా నిలబడి చూడాల్సిందే."

"నోరు ముయ్యి. మంచంలో ఉన్న మనిషి మీదికి నెట్టడానికి ఇంకో దారి దొరికిందా?"

"నెట్టడం లేదు వదినా. బారు నాదే. రేపు వచ్చి చెప్తా, ఎవరేమన్నా చెప్తా. కానీ నాకిప్పుడు గుర్తొస్తోంది. ఒక పన్ను పట్టుకుని ఆగాడు. బొటనవేలితో అటూ ఇటూ తోశాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. నేను అవతల మనుషులతో నవ్వుతూ ఉన్నా. ఏదో అంటాడనుకున్నా. మళ్ళీ తల దించుకుని పని చేసుకున్నాడు."

"చూపుకేముంది. అందరూ అందర్నీ చూస్తారు."

"ముందురోజు ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. బారు చూసుకోరా అన్నాడు. నీ చైను నువ్వు చూసుకో, నా దాంట్లో వేలు పెట్టకు, నాన్న చెప్పలేదా అన్నాను. నలుగురి ముందూ అన్నాను."

"నువ్వు అనేవాడివే."

"అన్నని అడుగు."

"నేనడగను."

"ఇందాకట్నుంచి నన్ను అన్నీ అడిగావు. ఒక్కటి అన్నని అడుగు. కిటికీ తీసే ఉంది కదా."

"అడుగుతా. అడిగి, ఆయన కాదన్నాక, నీ చెంప పగలగొడతా. ఏవండీ. వింటున్నారా?"

"వింటున్నా."

"ఏవండీ, వీడేదో వాగుతున్నాడు. ఆ పొద్దున చైను ఊగడం మీకు తెలుసట. కాదని చెప్పండి వీడికి."

"రేపు దుకాణానికి వెళ్తున్నారా ఇద్దరూ?"

"వెళ్తున్నాం. నేనడిగింది అది కాదు. కాదని ఒక్క మాటనండి, చాలు."

"వాడు నిజంగా చెప్తానన్నాడా? బారు తనదేనని?"

"చెప్తానన్నాడు. మీరు విన్నారు కదా."

"చెప్పమను. మంచిదే."

"అన్నా, నీ పేరు బాగుచేశాకే వస్తాను నీ దగ్గరికి."

"అది చెప్పాక ఇంకోటి కూడా చెప్పరా. ఊగడం మా అన్న చూశాడని చెప్పు. నలుగురి ముందూ కోత వంకరపోయి, నలుగురూ నవ్వితే గాని వీడికి బుద్ధి రాదని, చూసి ఊరుకున్నాడని చెప్పు."